ఆడపిల్లల ఆట - ఊరి అభిమానము

“అభిమానము” అను మాటకు మన భాషలో రెండర్థములు గలవు. ఒకటి ప్రేమ, రెండవది ఆత్మగౌరవము. ఒకరిని తనవారిగా నెంచుకొన్నవాడు అభిమాని. పరువునకు ప్రాణమిచ్చువాడు అభిమానవంతుడు. ఈ రెండర్థములును ఒక్క మాటలో ఇమిడియుండుటలో ఔచిత్యము కలదు. మనుష్యుడు తనదని తలచినదాని గెలుపును తన గెలుపుగను, దాని ఓటమిని తన ఓటమిగను అనుభవించును. ఊరి జట్టు బరిలో నుండగా గట్టున నిలిచి చూచువాని గుండె వేగముగా కొట్టుకొనుటకు కారణమిదియే. ఆడువారి జట్టుపై ఇట్టి అభిమానము లోకమున నెప్పుడు పుట్టినది, ఎచ్చట నెట్లు పెరిగినది, మన విశాఖ తీరమునకు అది యెట్లు చేరినది అను విషయము తెలిసికొనదగినది.

మన పల్లెలలో ఆడపిల్లలకు ఆటలు లేకపోలేదు. అచ్చనగండ్లు, వామనగుంటలు, తొక్కుడుబిళ్ల, చెమ్మచెక్క, ఒప్పులకుప్ప, గుజ్జనగూళ్లు మొదలైనవి ఎన్నియో కలవు. వీనిలో కొన్నింటికి వ్రేళ్ల చురుకుదనము కావలయును. కొన్నింటికి లెక్క తెలియవలయును. కొన్నింటికి ఒంటికాలిమీద నిలువగల నేర్పుండవలయును. అయినను ఇవి యన్నియు అరుగులమీదను, పెరటిలోను, నట్టింటను సాగిన ఆటలు. వీనికి ప్రేక్షకులు లేరు. మగవారి చెడుగుడు, కుస్తీ, కర్రసాము మాత్రము ఊరి నడుమ, జాతర నడుమ జరిగెడివి. వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తి నాయుడుగారి బలప్రదర్శనములను చూచుటకు దేశదేశముల జనము మూగిరి. ఆడపిల్లకు పెండ్లియీడు వచ్చుసరికి తొక్కుడుబిళ్ల మూలబడెడిది. కావున ఆడపిల్లలు ఆడిరా లేదా అన్నది ప్రశ్న కాదు. వారాడుచుండగా ఊరు నిలిచి చూచినదా అన్నదియే ప్రశ్న.

ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు బాస్కెట్‌బాల్, అనగా బుట్టబంతి ఆట చరిత్ర మిక్కిలి ఉపకరించును. ఏలయన ఆ ఆట పుట్టిన కొలది నెలలకే స్త్రీల చేతికి వచ్చినది. అమెరికా దేశమున మాసచుసెట్స్ రాష్ట్రమందలి స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణములో జేమ్స్ నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు 1891 డిసెంబరులో ఈ ఆటను కల్పించెను. ఆయన కెనడా దేశీయుడు. చలికాలమున శిష్యులు బయట ఆడుటకు వీలులేక విసుగు చెందుచుండగా, వ్యాయామశాల లోపల ఆడదగిన ఆట యొకటి కావలసివచ్చెను. ఆయన పీచుపండ్ల బుట్టలు రెండింటిని, ఇరుదెసలను పది అడుగుల ఎత్తున కొట్టించి, ఒక కాలిబంతి నిచ్చి, పదమూడు నియమములు వ్రాసి గోడకంటించెను. బుట్టకు అడుగుండుటచే బంతి పడినప్పుడెల్ల నిచ్చెన వేసి దానిని తీయవలసివచ్చెడిది. ఇప్పుడు మన పాఠశాలల ఆవరణలలో కనిపించు ఇనుప వలయమునకు, దారపు వలకు మూలము ఆ పండ్లబుట్టయే.

ఆ సమీపముననే నార్తాంప్టన్ పట్టణములో స్మిత్ కళాశాల యను స్త్రీల కళాశాల గలదు. అందు వ్యాయామము బోధించుచుండిన సెండా బెరెన్సన్ అను యువతి 1892లో ఈ ఆటను తన విద్యార్థినులకు నేర్పెను. స్త్రీలు అతిగా అలయరాదని ఆనాటివారి భావము. అందుచే ఆమె ఆటస్థలమును మూడు భాగములుగా విభజించి, ఏ భాగములోని పిల్ల ఆ భాగము దాటరాదనియు, ఎదుటివారి చేతిలోని బంతిని లాగికొనరాదనియు, బంతిని మూడు క్షణములకు మించి చేత నుంచుకొనరాదనియు నియమించెను. 1893 మార్చి 22వ తేదీన ఆ కళాశాలలో రెండు తరగతుల విద్యార్థినుల నడుమ మొదటి పోటీ జరిగెను. ఆనాడు పురుషులకు లోనికి ప్రవేశము లేదు. 1896 ఏప్రిల్ 4వ తేదీన సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయముల విద్యార్థినులు పోటీపడినప్పుడును చూడవచ్చినవారందరు స్త్రీలే. స్టాన్‌ఫర్డ్ జట్టు 2-1 తేడాతో గెలిచెను. మన అరుగులమీది ఆటకును, ఆ వ్యాయామశాలలోని ఆటకును ఈ యొక్క విషయమున భేదము లేదు: రెండింటికిని తలుపులు మూయబడియే యున్నవి.

ఆ తలుపులు మొదట తెరచినది మహానగరములు కావు. అమెరికా మధ్యభాగమున మొక్కజొన్న పండించు అయోవా రాష్ట్రములోని చిన్న చిన్న ఊళ్లు వానిని తెరచినవి. అచ్చట బాలికల పాఠశాలలకు 1920లో రాష్ట్రస్థాయి బుట్టబంతి పోటీ ప్రారంభమయ్యెను. అయిదేండ్లు గడచునప్పటికి, బాలికలు జనుల యెదుట పోటీలలో ఆడుట తగదని పెద్దపట్టణముల విద్యాధికారులు తలచి, దానిని మాన్పింపనెంచిరి. అందుకు సమ్మతింపని చిన్న ఊళ్ల పాఠశాలాధికారులు 1925లో వేరొక సంఘముగా నేర్పడి, ఆ పోటీని తామే నడుపసాగిరి. జట్టునకు ఆరుగురు బాలికలు. ముగ్గురు ఒక సగమున బుట్టలో బంతి వేయువారు, ముగ్గురు రెండవ సగమున అడ్డుకొనువారు. ఈ పద్ధతి అయోవాలో 1993 వరకు నిలిచెను.

చిన్న ఊళ్లు ఎందులకిట్లు పట్టుబట్టినవి? అచ్చటి పాఠశాలలలో పిల్లలు కొలదిమంది. మగపిల్లలతో పెద్ద జట్టును కూర్చుట కష్టము. ఆరుగురు బాలికలు దొరకుట సులభము. ఆ ఆరుగురును ఊరివారి కూతుండ్రు, చెల్లెండ్రు, ఇరుగుపొరుగువారి పిల్లలు. చలికాలమున పొలము పనులు లేని రాత్రులందు ఊరంతయు పాఠశాలకు చేరెడిది. 1968లో జరిగిన అంత్యపోటీలో యూనియన్-విట్టెన్ జట్టు ఎవర్లీ జట్టుపై అదనపు సమయమున 113-107 తేడాతో గెలిచిన దినము ఆ రాష్ట్రమువారు నేటికిని మరువలేదు. ఆ విజేతల జట్టునకు మూలస్తంభమైన డెనిస్ లాంగ్ విట్టెన్ అను అతి చిన్న గ్రామమునకు చెందిన బాలిక. పటములో వెదకినను దొరకని ఊరి పేరు ఆమె వలన దేశమంతట వినబడెను.

కెనడా దేశములోని ఎడ్మంటన్ నగరపు కథ దీనికి తోడుగా చెప్పదగినది. అచ్చటి వాణిజ్య పాఠశాలలో చదువు ముగించిన యువతులు ఆట మానుటకు ఇష్టపడక, 1915లో “గ్రాడ్స్” అను జట్టుగా ఏర్పడిరి. వారి ఉపాధ్యాయుడు పెర్సీ పేజ్ వారికి శిక్షకుడు. వారు పగలు కార్యాలయములలోను దుకాణములలోను పనిచేయుచు, సాయంకాలము అభ్యాసము చేసెడివారు. ఆటకు జీతము లేదు. 1940 వరకు ఇరువదియైదు సంవత్సరములలో వారు అయిదు వందలకు పైగా ఆటలు గెలిచి, ఇరువది మాత్రమే ఓడినట్లు లెక్క. ఆట సృష్టికర్తయైన నైస్మిత్ వారి నేర్పును ముక్తకంఠముతో మెచ్చుకొనెను. పురజనులు వేలకొలది వచ్చి చూచిరి. అయితే కాలక్రమమున గెలుపు అలవాటైనది, చూడవచ్చువారు తగ్గిరి. రెండవ ప్రపంచయుద్ధము రాగా ఆటశాల సైనికావసరములకు పోయెను. 1940లో జట్టు రద్దయ్యెను. ఎన్నడును ఓడునని తలచని జట్టు ఎదుటివారి చేతిలో ఓడి పోలేదు. చూచువారు తగ్గి, ఆడుటకు చోటు లేక ముగిసినది. ఈ ముగింపు గమనింపదగినది.

ఇక మన దేశము మాట. బుట్టబంతి మనకు క్రైస్తవ యువజన సంఘము, అనగా వై.ఎం.సి.ఏ. వారి మూలమున వచ్చినది. 1920లో హారీ క్రో బక్ మద్రాసు నగరమున వ్యాయామ కళాశాలను స్థాపించెను. ఆనాడు విశాఖపట్టణము జిల్లా మద్రాసు రాజధానిలో భాగము. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రమేర్పడువరకును మన పాఠశాలల ఏర్పాటులన్నియు ఆ రాజధానివే. వ్యాయామోపాధ్యాయుడను ఉద్యోగము, వారమునకు ఇన్ని గంటలు ఆటలను నియమము, పాఠశాల వెనుక ఒక స్తంభము, దానిపై ఒక వలయము, ఇవి ఆ కాలమున మెల్లమెల్లగా వ్యాపించినవి. 1950లో భారత బాస్కెట్‌బాల్ సమాఖ్య ఏర్పడెను. ప్రపంచమున స్త్రీల బుట్టబంతికి ఒలింపిక్ క్రీడలలో స్థానము 1976లో మాంట్రియల్ నగరమున లభించెను. పురుషులకు 1936లోనే లభించినదానికి స్త్రీలు నలువదేండ్లు వేచియుండవలసివచ్చెను.

మన దేశమున ఈ ఆటను స్త్రీలకు జీవనాధారముగా చేసినది ముఖ్యముగా రైలుశాఖ. ఆట వచ్చిన బాలికకు రైల్వేలో కొలువు దొరకును. కొలువు దొరకినందున పెండ్లియైన పిమ్మటను ఆట విడువనక్కరలేదు. అందువలననే జాతీయ పోటీలలో రైల్వే మహిళల జట్టు పలుమార్లు అగ్రస్థానమున నిలిచెను. సుమన్ శర్మకు అర్జున పురస్కారము, 2019లో ప్రశాంతీ సింగ్‌కు, 2021లో తమిళనాటి అనితా పాల్‌దురైకి పద్మశ్రీ పురస్కారములు లభించినవి. 2017లో బెంగుళూరులో జరిగిన ఆసియా కప్పు రెండవ శ్రేణి పోటీలో భారత మహిళలు కజకిస్తానుపై 75-73 తేడాతో గెలిచి, మొదటి శ్రేణికి చేరిరి. రెండే రెండు అంకముల తేడాతో వచ్చిన ఈ విజయమును మన ఊళ్లలో ఎందరెరుగుదురు? ఆటకు లోపము లేదు. ఆడువారికి లోపము లేదు. లోపము మన చూపులో నున్నది.

ఆ చూపు మన ఉత్తరాంధ్రమున మారుట కొక గుర్తు 2000వ సంవత్సరమున కనిపించెను. శ్రీకాకుళము జిల్లా ఆమదాలవలస సమీపమున ఊసవానిపేట యను పల్లె గలదు. ఆ పల్లె బిడ్డ కరణం మల్లీశ్వరి. ఆమె తండ్రి రైల్వే రక్షకదళమున పనిచేసెను. నీలంశెట్టి అప్పన్న గారి శిక్షణలో బరువులెత్తుట నేర్చి, 1994, 1995 సంవత్సరములలో ప్రపంచ విజేత యయ్యెను. 2000 సెప్టెంబరు 19వ తేదీన సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో 69 కిలోల తరగతిలో ఒక పద్ధతిని 110, రెండవ పద్ధతిని 130, మొత్తము 240 కిలోల బరువెత్తి కాంస్యపతకము గెలిచెను. ఒలింపిక్ పతకము గెలిచిన మొదటి భారత మహిళ ఆమెయే. ఆడపిల్లకు బరువులేమిటని నవ్వినవారే తమ పిల్లలకు ఆమె పేరు చెప్పసాగిరి. నవ్వు గౌరవముగా మారుటకు ఒక్క దినము చాలినది. కాని ఆ ఒక్క దినము వెనుక పదేండ్ల అభ్యాసము గలదని మరువరాదు.

మల్లీశ్వరి ఘనత ఒక వ్యక్తిది. జట్టును అభిమానించుట వేరు. విశాఖపట్టణపు జనులు ఒక మహిళా జట్టును తమదిగా చేసికొనుట ఇటీవల క్రికెట్ ఆటవలన స్పష్టమైనది. ఆంధ్ర క్రికెట్ సంఘము 1953లో ఏర్పడినను, స్త్రీల క్రికెట్‌కు దేశమున ఒక సంఘము ఏర్పడినది 1973లోనే. 1976లో మన మహిళలు మొదటి టెస్టు ఆడిరి. హైదరాబాదులో పెరిగిన మిథాలీ రాజ్ 1999లో తన మొదటి అంతర్జాతీయ పోటీలోనే శతకము చేసి, ఇరువదిమూడేండ్లు ఆడి, 2022లో విరమించెను. విశాఖ బిడ్డయైన స్నేహదీప్తి పదునారేండ్ల వయస్సున 2013లో దేశము తరఫున ఆడెను. ఆమె తల్లియైన పిమ్మట మరల మైదానమునకు వచ్చి, 2023లో మహిళల ప్రీమియర్ లీగు జట్టొకదానిలో స్థానము సంపాదించెను. ఆటో నడుపువాని కుమార్తెయైన రావి కల్పన వికెట్ల వెనుక నిలిచి 2015లో భారత జట్టులో చేరెను. కడప జిల్లా ఎర్రమల్లె గ్రామమునుండి శ్రీచరణి 2025లో దేశపు జట్టునకు ఎదిగెను. పేర్లు మనవి, ఊళ్లు మనవి అయినప్పుడు ఆట దూరమున నున్నట్లు తోచదు.

2025 అక్టోబరులో మహిళల ప్రపంచ కప్పు పోటీలు అయిదు విశాఖపట్టణమున జరిగినవి. అందు రెండు భారత జట్టువి. అక్టోబరు 9వ తేదీన దక్షిణాఫ్రికాపై మనవారు 251 పరుగులు చేసిరి. రిచా ఘోష్ 94 పరుగులు చేసెను. ఎదుటివారిలో నదీన్ డి క్లర్క్ 54 బంతులలో 84 పరుగులు చేసి, ఓటమి అంచునుండి తన జట్టును గట్టెక్కించెను. మూడు వికెట్ల తేడాతో భారతము ఓడెను. మూడు దినముల తరువాత అక్టోబరు 12న ఆస్ట్రేలియాపై మనవారు 330 పరుగులు చేసిరి. శ్రీచరణి మూడు వికెట్లు తీసెను. అయినను అలిస్సా హీలీ 142 పరుగులు చేయగా, ఆస్ట్రేలియా మూడు వికెట్లు మిగిలియుండగనే ఆ లక్ష్యమును ఛేదించెను. అంతవరకు మహిళల ఒకదినపు పోటీలలో అంతటి లక్ష్యమును ఎవరును ఛేదించి యుండలేదు.

విశాఖ ప్రేక్షకులు తమ కన్నులార చూచినవి ఈ విధముగా రెండు ఓటములు. వినోదమునకు వచ్చినవాడు రెండవ ఓటమితో ఇల్లు చేరి మరచిపోవును. అభిమాని మాత్రము మరునాడు పత్రిక తెరచి, తరువాతి ఆట ఎప్పుడని వెదకును. ఆ వెదకినవారికి ఫలము దక్కినది. అక్టోబరు 30న అర్ధాంత్యపోటీలో అదే ఆస్ట్రేలియా చేసిన 338 పరుగులను మనవారు దాటిరి. జెమీమా రోడ్రిగ్స్ 127 పరుగులతో నిలిచెను. నవంబరు 2న నవీ ముంబయిలో అదే దక్షిణాఫ్రికాపై 52 పరుగుల తేడాతో గెలిచి, భారత మహిళలు మొదటిసారి ప్రపంచ కప్పు నందుకొనిరి. విశాఖలో తమ్మోడించిన ఇరువురినే వారు చివరకు ఓడించిరి. అక్టోబరులో గట్టున నిలిచి బాధపడినవారికి ఆ నవంబరు రాత్రి సంతోషము ఇతరులకంటె ఒక పాలు ఎక్కువ. ఓటమిలో పాలు పంచుకొనినవానికే గెలుపులో వాటా యుండును. ఆ డిసెంబరు 21, 23 తేదీలలో అదే విశాఖ మైదానమున శ్రీలంకపై రెండు ఇరువది ఓవర్ల పోటీలు జరుగగా, రెండింటను మనవారు గెలిచి ఆ ఋణము తీర్చిరి.

ఆ ప్రపంచ కప్పు సందర్భముననే విశాఖ మైదానమునకు మిథాలీ రాజ్, రావి కల్పన గార్ల పేర్లు చేర్చబడినవి. ఎలమంచిలి ప్రాంతమువారికి ఇట్టి దాని విలువ వేరుగా చెప్పనక్కరలేదు. ఎలమంచిలి చాళుక్యుల చరిత్ర మనకు తెలియుటకు పంచధారల శాసనములు ముఖ్యాధారములు. రాజుల పేర్లు రాతిపై చెక్కబడకపోయినచో ఈనాడు వారు లేనట్లే. ఆటో నడుపువాని కుమార్తె పేరు ఒక మహామైదానమున వ్రాయబడుటయు ఈ కాలపు శాసనమే. చదువ నేర్చిన ప్రతి బాలికయు దానిని చదువును.

ఇంతవరకు చెప్పిన చరిత్రనుండి అభిమానము పెరుగు మార్గము తేటపడుచున్నది. మొదట జనము వింతకై వత్తురు. ఆడపిల్లలు పరుగెత్తుట, ఎగురుట వారికి వింత. కొందరు నవ్వుదురు. రెండవ దశలో నియమములు తెలియును. బంతి ఎందులకు చేతులు మారినదో, ఈల ఎందులకు ఊదిరో అర్థమగును. మూడవ దశలో పేర్లు తెలియును. ఈ పిల్ల ఎడమచేతివాటము గలది, ఆ పిల్ల అలసినను పరుగాపదు అని చెప్పుకొందురు. నాలుగవ దశలో ఆ జట్టు మనది యగును. నవ్వువాడు మొదటి దశ దాటనివాడు. రెండవ దశకు చేర్చు సాధనము తెలివి. ఆ తెలివి నిచ్చునది పత్రిక, పుస్తకము, తెలిసినవాని మాట. గ్రంథాలయమునకును ఆటస్థలమునకును గల సంబంధమిదియే. అయ్యంకి వెంకటరమణయ్య గారు మొదలగు పెద్దలు 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించినది పుస్తకములు పోగుచేయుటకు మాత్రమే కాదు. జనులు ఒకచోట కూడి లోకము తెలిసికొనుటకు. పఠనమందిరమున ఉదయము క్రీడల పుట చదివినవాడు సాయంకాలము పాఠశాల గట్టున నిలిచినచో, నవ్వుటకు మారుగా ఆటను చూడగలడు.

ఎలమంచిలి మద్రాసు-హౌరా రైలుమార్గమునను, జాతీయ రహదారిపైనను ఉన్న ఊరు. విశాఖపట్టణము సుమారు 60 కిలోమీటర్లు. పెద్ద ఆట చూడవలెనన్న రైలెక్కి పోవచ్చును. కాని అయోవా పల్లెలవారు నగరమునకు పోయి అభిమానులు కాలేదు. తమ పాఠశాల గుమ్మములో నిలిచి అభిమానులైరి. మల్లీశ్వరి బరువులెత్తుట నేర్చినది సిడ్నీలో కాదు, ఊసవానిపేట దాపున. శ్రీచరణి బంతి పట్టినది నవీ ముంబయిలో కాదు, ఎర్రమల్లెలో. ప్రతి పెద్ద ఆటకు మొదట ఒక చిన్న మైదానముండును. ప్రతి చిన్న మైదానము చుట్టు నలుగురు చూచువారు ఉండవలయును.

ఎడ్మంటన్ జట్టు ముగింపు మరల స్మరింపదగినది. ఐదు వందల గెలుపులు ఆ జట్టును నిలుపలేకపోయినవి. చదువువారు లేని గ్రంథాలయము బీరువాలుగ మిగులును. చూచువారు లేని జట్టు జ్ఞాపకముగ మిగులును. గ్రంథాలయమును ఇరువదియైదేండ్లు నిలిపినది వారము వారము వచ్చి కూర్చుండిన పాఠకులే. అట్టి నిలుకడతో, గెలిచినను ఓడినను, మన పాఠశాల బాలికల ఆటకు గట్టున నిలుచువారు ఈ ప్రాంతమున ఏర్పడుదురుగాక. ఆనాడు ఆ బాలికలకు ఆట, ఈ ఊరికి అభిమానము, రెండును దక్కును.